వేలాడే దీపాన్ని వదిలినచోట నిలిపేది ఏది?

కిరసనాయిలు దీపం వెలుగుతున్నంతసేపూ తేలికవుతూనే ఉంటుంది. లీటరు కిరసనాయిలు సుమారు 800 గ్రాములు తూగుతుంది కనుక, నిండుగా పోసి వెలిగించిన దీపంలో చమురు అడుగంటేసరికి ఆ మేరకు బరువు తగ్గిపోతుంది. బల్లమీద పెట్టుకునే దీపానికి దీనితో పనిలేదు. పైకప్పు నుంచి గొలుసులతో వేలాడుతూ, లాగితే దిగి, నెడితే ఎక్కి, వదిలినచోట కదలకుండా నిలవవలసిన దీపానికి మాత్రం ఇదే అసలు చిక్కు. పందొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలో అమెరికా ఇళ్లలో వాడిన ఇటువంటి దీపాలను కొని బాగుచేసుకోవడం నాకు కొంతకాలంగా ఉన్న వ్యాపకం. ఇవి చూసినవారు సాధారణంగా ఇత్తడి నగిషీలనూ, చేత్తో పువ్వులు దిద్దిన గాజు గొడుగునూ, దాని అంచున వేలాడే స్ఫటికపు పలకలనూ మెచ్చుకుంటారు. నేను మాత్రం ముందుగా పైన కిరీటంలా ఉన్న చట్రంలోకి తొంగిచూసి, అందులో గిలకలు ఉన్నాయా, స్ప్రింగు డబ్బా ఉందా అని వెతుకుతాను.

1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ వద్ద ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో చమురు పడిన తరువాత కిరసనాయిలు చవకై ఇంటింటికీ చేరింది. దానితోపాటే దీపాల పరిశ్రమ కూడా పెరిగింది. నేనుంటున్న కనెక్టికట్ రాష్ట్రంలోని మెరిడెన్ పట్టణం ఒక్కటే బ్రాడ్లీ అండ్ హబ్బర్డ్, ఎడ్వర్డ్ మిల్లర్, ఛార్లెస్ పార్కర్ వంటి పెద్ద తయారీదారులకు నెలవుగా ఉండేది. భోజనాల గదిలోనూ చదువుకునే గదిలోనూ బల్లకు నడిమధ్యన వేలాడదీసే దీపాలకు ఆనాడు గిరాకీ ఎక్కువ. వాటిని దించవలసిన అవసరాలు రెండు. చమురు పోయడానికి, వత్తి కత్తిరించడానికి, చిమ్నీ తుడవడానికి, వెలిగించడానికి రోజూ ఎలాగూ చేతికి అందాలి. అంతకంటె ముఖ్యమైనది వెలుగు. కాంతి దూరపు వర్గాన్నిబట్టి తగ్గుతుంది కనుక, దీపానికీ పుస్తకానికీ మధ్య దూరాన్ని సగానికి తగ్గిస్తే, చమురు చుక్క ఎక్కువ ఖర్చు కాకుండానే పుటమీద పడే వెలుగు ఇంచుమించు నాలుగింతలవుతుంది. కుట్టుపనికో చదువుకో దీపాన్ని దించుకొని, పని అయ్యాక తల తగలకుండా పైకి నెట్టుకోగలగడం ఆ రోజుల్లో చిన్న సౌకర్యమేమీ కాదు.

అన్నిటికంటె సూటి ఏర్పాటు ఎదురుబరువుది. దీపపు చట్రాన్ని పట్టుకున్న గొలుసులు పైకి వెళ్లి, కిరీటంలోని గిలకల మీదుగా మళ్లి, మధ్యలో వేలాడే ఒక అలంకారపు బరువును చేరతాయి. దీపం దిగితే బరువు ఎక్కుతుంది, దీపం ఎక్కితే బరువు దిగుతుంది. ఇంతవరకు ఇందులో బావి గిలక తెలిసినవారికి కొత్తేమీ లేదు. కానీ రెండువైపులా బరువులు సరిగ్గా సమానంగా ఉండేది రోజులో ఒక్క క్షణమే. సగం చమురున్నప్పుడు 5 కిలోలు తూగే దీపానికి 5 కిలోల ఎదురుబరువు కట్టారనుకుందాం. పాత్రలో లీటరు చమురు పడుతుందనుకుంటే, నిండుగా ఉన్నప్పుడు దీపం 5.4 కిలోలు, ఖాళీ అయ్యాక 4.6 కిలోలు తూగుతుంది. సిద్ధాంతం ప్రకారం నిండు దీపం తనంతట తాను బల్లమీదికి దిగిపోవాలి, ఖాళీ దీపం పైకప్పు వైపు లేచిపోవాలి. ఆచరణలో రెండూ జరగవు. గిలక ఇరుసు దాని రంధ్రంలో రాసుకోవడం, గొలుసు లంకెలు గిలక గాడిలో వంగుతూ ఒకదానితో ఒకటి ఒరుసుకోవడం, ఈ రెండూ కలిసి ఆ 400 గ్రాముల తేడాను అటూ ఇటూ ఆపుతాయి. దీపాన్ని నిలిపేది ఎదురుబరువు అని మనం అనుకుంటాము. నిజానికి ఎదురుబరువు భారాన్ని మోస్తుంది, నిలిపే పని రాపిడి చేస్తుంది.

గొలుసు బరువును కూడా లెక్కలోకి తీసుకుంటే విషయం మరికొంత జటిలమవుతుంది. మీటరుకు 100 గ్రాములు తూగే రెండు గొలుసులతో దీపాన్ని 75 సెంటీమీటర్లు దించితే, ఒక్కొక్క గొలుసులో 75 గ్రాములు ఎదురుబరువు వైపు నుంచి దీపం వైపుకు వచ్చి చేరతాయి. ఒకవైపు తగ్గి మరోవైపు పెరుగుతుంది కనుక, పైనున్నప్పటికీ కిందికి వచ్చినప్పటికీ మధ్య మొత్తం తేడా 300 గ్రాములు. అంటే దీపం దిగినకొద్దీ ఇంకా దిగాలనే చూస్తుంది. ఇదంతా మోయవలసింది ఆ రాపిడే. అది మరీ ఎక్కువైనా పనికిరాదు. బిగుసుకున్న గిలకను బలవంతంగా లాగితే దీపం ఒక్కసారిగా కుదుపుతో కదులుతుంది, చమురు తొణుకుతుంది, మంట ఎగసి చిమ్నీకి మసిపడుతుంది, ఒక్కోసారి గాజే పగులుతుంది. అర కిలో పైచిలుకు బలంతో మెత్తగా కదిలి, అంతకంటె తక్కువకు కదలకుండా ఉండేలా ఇరుసు మందమూ గిలక వ్యాసమూ ఎంచుకోవడంలోనే పనివాడి నేర్పు ఉంది. అందుకే, పాత దీపం ఇంటికి తేగానే గిలకలకు కుట్టుమిషను నూనె పోయమని సలహా ఇచ్చేవారితో నేను ఏకీభవించను. నూనె పోసిన గిలకలతో, చమురు నిండుగా ఉన్న దీపం రాత్రికి రాత్రి జానెడు కిందికి జారితే ఆశ్చర్యపడనక్కరలేదు. పొడిబట్టతో తుడిచి, మెత్తని కుంచెతో గాడిలోని జిడ్డు తీసేస్తే చాలు.

స్ప్రింగు దీపాలలో ఎదురుబరువు కనిపించదు. కిరీటం లోపల గుండ్రని డబ్బాలో చుట్టచుట్టుకొని ఉన్న ఉక్కు పట్టీ, దానితో తిరిగే ఒక డోలు, ఆ డోలుకు చుట్టుకునే గొలుసులు ఉంటాయి. దీపాన్ని లాగితే డోలు తిరిగి స్ప్రింగు మరింత బిగుస్తుంది, పైకి నెడితే స్ప్రింగు సడలుతూ గొలుసును లోపలికి చుట్టుకుంటుంది. చూడడానికి సొగసుగా ఉంటుంది, గదిలో అడ్డంగా ఊగే బరువు ఉండదు. అయితే బరువు ఎక్కడున్నా బరువే, స్ప్రింగు అలా కాదు, బిగిసినకొద్దీ దాని బలం పెరుగుతుంది. పది సెంటీమీటర్ల వ్యాసమున్న డోలు మీద మీటరు గొలుసు విడవాలంటే మూడు చుట్లకు పైగా తిరగాలి. ముందే పదిహేను చుట్లు బిగించి పెట్టిన స్ప్రింగుకు మరో మూడు చుట్లు తోడైతే బలం ఇంచుమించు ఐదో వంతు పెరుగుతుంది. ముందు బిగింపు ఐదు చుట్లే అయితే పెరుగుదల సగానికి మించుతుంది, అటువంటి దీపం కింద నిలవదు. పొడవైన పట్టీని తీసుకొని ముందుగానే చాలా చుట్లు బిగించి ఉంచడంలోని రహస్యం ఇదే. ఇక్కడ గొలుసు బరువు మేలే చేస్తుంది. కిందికి దిగినకొద్దీ దీపాన్ని కిందికే లాగే దాని స్వభావం స్ప్రింగు అదనపు బలాన్ని కొంత తగ్గిస్తుంది. మిగిలినదానికి మళ్లీ రాపిడే దిక్కు.

ఈ డబ్బాను విప్పాలనుకునేవారికి ఒక్క మాట. బిగిసి ఉన్న పట్టీ మూత తీయగానే కత్తిలా బయటికి ఎగురుతుంది. మందమైన చేతితొడుగులు, కళ్లద్దాలు లేకుండా దాని జోలికి పోకూడదు, అసలు విప్పకుండా గడిస్తే ఇంకా మంచిది.

కిరసనాయిలు, గ్యాసు, విద్యుత్తు అనే మూడు తరాల దీపాలలో యుక్తిపరంగా నాకు అన్నిటికంటె నచ్చేది గ్యాసు దీపం. గొట్టం ద్వారా గ్యాసు వస్తున్న దీపాన్ని ఎత్తిదించడం ఎలా? వంగే రబ్బరు గొట్టాలను నమ్మి నెత్తిమీద పెట్టుకోలేరు. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో విస్తృతంగా వాడిన పరిష్కారం నీరు. పైకప్పు నుంచి దిగే స్థిరమైన గొట్టం అడుగు తెరిచి ఉంటుంది. దీపంతోపాటు కదిలే భాగంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గొట్టాలుంటాయి, వాటి మధ్య సందులో నీరు పోసి ఉంటుంది. పై గొట్టం ఆ నీటిలో మునిగి ఉంటుంది. గ్యాసు పై గొట్టంలోంచి దిగి, లోపలి గొట్టంలోకి ప్రవేశించి బర్నర్లకు చేరుతుంది. పక్కకు తప్పించుకోవాలంటే మాత్రం నీటిని తోసుకొని రావాలి. ఇళ్లకు వచ్చే గ్యాసు ఒత్తిడి కొద్ది అంగుళాల ఎత్తు నీటిని నెట్టగలిగేంతే కనుక, పై గొట్టం అంతకంటె లోతుగా మునిగి ఉన్నంతవరకు గ్యాసు బయటికి రాదు. దీపాన్ని దించినకొద్దీ గొట్టం నీటిలోంచి బయటికి వస్తుంది, ఎత్తినకొద్దీ లోతుకు వెళుతుంది. చుట్టూ గిలకల మీదుగా వేలాడే ఎదురుబరువులు దీపాన్ని మోస్తాయి. గ్యాసు గొట్టంలోంచి వస్తుంది తప్ప దీపంలో నిలవ ఉండదు కనుక, కిరసనాయిలు దీపానికున్న బరువు తగ్గే బెడద దీనికి లేదు.

దీనికి వేరే బెడద ఉంది. కింద మంటలు మండుతుంటే పైన నీరు ఆవిరైపోతుంది. ఎవరూ పట్టించుకోక నీటి మట్టం తగ్గితే, దీపం పైనున్నప్పుడు ఏమీ తెలియదు. ఒకరోజు దాన్ని పూర్తిగా కిందికి లాగగానే గొట్టం అంచు నీటిని వదిలి పైకి వచ్చేస్తుంది, గ్యాసు గదిలోకి వెలువడుతుంది. పేలుళ్లకు దారితీసిన లోపం ఇదే. నీటిపైన పలుచగా నూనె పోసి ఆవిరిని అరికట్టడం, అప్పుడప్పుడు నీరు నింపడం అప్పటి జాగ్రత్తలు. తరువాత కొందరు నీటిని పూర్తిగా మానుకొని, ఒరుసుకుంటూ జారే బెండు బిరడాలు వాడారు. ఇంత తేలికైన, ఇంత తెలివైన ఏర్పాటు ఇంటివారి జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఉండడం దాని దురదృష్టం.

విద్యుత్తు వచ్చాక చమురు లేదు, మంట లేదు, అయినా బల్లమీద వెలుగు కావాలి కనుక ఎత్తిదించే అలవాటు పోలేదు. ఫ్రాన్సులో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల నుంచి వాడిన పింగాణీ దీపాలు దీనికి మంచి ఉదాహరణ. పింగాణీ గిలక, సీసపు గుళ్లు గానీ ఇసుక గానీ నింపిన పింగాణీ గుండు, అపారదర్శకమైన తెల్ల గాజు గొడుగు, వీటిని కలుపుతూ బట్ట అల్లిక ఉన్న తీగ. తీగ ఒక కొస పైకప్పు దగ్గర కరెంటుకు కలిసి ఉండాలి కాబట్టి, దాన్ని బరువుకు కట్టి వదిలేయడానికి వీల్లేదు. అందువల్ల తీగ పైకప్పు నుంచి దిగి, గుండు నెత్తిన ఉన్న గిలక కింది నుంచి తిరిగి పైకి వెళ్లి, పై గిలక మీదుగా దీపానికి వస్తుంది. గుండును రెండు పేటలు మోస్తున్నాయి కనుక అది దీపానికి రెండింతల బరువు ఉండాలి, దీపం కదిలిన దూరంలో సగమే కదులుతుంది. తీగే తాడుగా కూడా పనిచేయడం ఇందులోని సొగసు, ప్రమాదమూ అదే. గిలక వద్ద వేలసార్లు వంగిన చోట లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, పైన బట్ట మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

రాజసౌధాలలో, నాటకశాలలలో ఉండే భారీ షాండ్లియర్ల సంగతి వేరు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాలులో వేలాడే 19 బెల్జియం స్ఫటిక దీపాలను చూసినవారెవరికైనా వీటిని తుడిచేదెలా అన్న ప్రశ్న రాక మానదు. అటువంటివాటికి చేతి లాగుడు చాలదు, అటకమీద తాడు చుట్టే ఇరుసుయంత్రం గానీ పెద్ద ఎదురుబరువులు గానీ కావాలి. పారిస్‌లోని గార్నియే ఒపెరా భవనంలో సుమారు 7 టన్నుల షాండ్లియరును పూర్వం శుభ్రం చేయడానికి దించేవారు కాదు, పైనున్న గుమ్మటంలోకి ఎత్తేవారు. 1896 మే 20న అక్కడ ప్రేక్షకులమీద పడి ఒక మహిళ ప్రాణం తీసింది షాండ్లియరు అని చాలామంది నమ్ముతారు. పడింది దాని ఎదురుబరువులలో ఒకటి.

ఇళ్లలోని దీపాలకు తిరిగి వస్తే, బజారులో దొరికే పాత దీపాలలో సగానికి సగం ఎప్పుడో విద్యుత్తుకు మార్చినవే. చమురు పాత్రను ఖాళీగా ఉంచి బల్బు బిగించారు, పగిలిన గాజు గొడుగు స్థానంలో తేలికైనది పెట్టారు. అప్పుడు దీపం వదిలీ వదలగానే పైకి పోతుంది. అమ్మేవారు దీన్ని స్ప్రింగు చెడిపోయిందని చెప్పి ధర తగ్గిస్తారు. స్ప్రింగుకు ఏ రోగమూ లేదు, అది ఇప్పటికీ పాత బరువునే మోయడానికి సిద్ధంగా ఉంది. పాత్రలో సన్నని పొడి ఇసుకను సంచిలో కట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే ఒక దశలో దీపం ఉన్నచోట ఆగుతుంది. నా దగ్గరున్న ఒక దీపపు గొలుసులో పది పన్నెండు లంకెలు మాత్రం లోపలివైపు అరిగి మెరుస్తున్నాయి. ఆ లంకెలు గిలక మీద కూర్చునేటట్లు దీపాన్ని దించితే గొడుగు అంచు కూర్చున్నవారి కంటికి కాస్త పైగా ఉంటుంది. పూర్వపు యజమానులు దాన్ని ఎక్కువగా ఆ ఎత్తునే వాడి ఉండాలి. బలహీనమైన లంకెలు కూడా అక్కడే ఉంటాయి కనుక, గొలుసు పరీక్ష అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆ కాలపు గొలుసులలో చాలావాటికి లంకెలను వంచి మూస్తారే తప్ప అతకరు. మూసిన సందు కొద్దిగా తెరుచుకున్నా ఆ లంకెను మార్చవలసిందే.

చివరగా కొక్కెం. ఎదురుబరువు దీపాన్ని మోయడం వల్ల పైకప్పుకు భారం తగ్గుతుందని అనుకోవడం పొరపాటు. సాదా ఎదురుబరువు దీపం 5 కిలోలైతే కొక్కెంమీద 10 కిలోలు పడతాయి. ఫ్రెంచి పింగాణీ దీపమైతే దీపంతోపాటు దానికి రెండింతల గుండు కూడా ఉంటుంది కనుక మూడింతలు పడుతుంది. పైగా లాగే చేతి బలం అదనం. అందుచేత కొక్కెం పలకలో కాక దూలంలో దిగాలి. దీపం తగిలించే ముందు మొత్తం భారానికి రెట్టింపు ఇసుక బస్తాను ఒక రాత్రి దానికి వేలాడదీసి చూసుకోవడం నా పద్ధతి.