చెల్లి ఫోన్‌లో ఆ ప్రకటనలు ఆపడానికి ఏం చేశాం: నా అనుభవం

మా చెల్లికి ఐదో నెలలో కడుపు పోయింది. టిఫా స్కాన్‌కి వెళ్తే బిడ్డ గుండె కొట్టుకోవడం లేదన్నారు. ఆసుపత్రి నుంచి గుంటూరులో ఇంటికి వచ్చాక కూడా తన ఫోన్‌లోని గర్భిణుల యాప్ వారం వారం "మీ పాపాయి ఇప్పుడు మొక్కజొన్న కంకి అంత ఉంది" అని చెబుతూనే ఉంది. ఏ వీడియో తెరిచినా డైపర్లు, ఉయ్యాలలు, బారసాల ఫొటోషూట్లు. "అక్కా, ఇవి నాకు కనబడకుండా చెయ్యి. ఆ యాప్ నేను తెరవలేను" అంది.

నేను హైదరాబాద్‌లో మొబైల్ యాప్‌ల టెస్టింగ్ పని చేస్తాను. ఒక యాప్ లోపలి నుంచి ఏ సమాచారం ఎటు వెళ్తుందో చూడటం నాకు రోజూ ఉండే పని కాబట్టి ఇది నేనే తీసుకున్నాను. ఇదే బాధలో ఉన్నవాళ్లకి, వాళ్ల పక్కన ఉండి చూసుకుంటున్నవాళ్లకి పనికొస్తుందని, చెల్లిని అడిగాకే రాస్తున్నాను.

మా మరిది యాప్‌ని వెంటనే ఫోన్‌లోంచి తీసేయబోతుంటే ఆపాను. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లోంచి బొమ్మ పోతుంది కానీ కంపెనీ సర్వర్‌లో ఖాతా అలాగే ఉంటుంది. చివరి నెలసరి తేదీ, డ్యూ డేట్, బరువు, వేసుకునే మాత్రలు, చెల్లి రాసుకున్న ప్రతి మాటా అక్కడే ఉంటాయి. ముందు ఖాతాను తొలగించాలి, ఆ తర్వాతే యాప్. ఖాతా తెరిపించుకునే యాప్‌లన్నీ దాన్ని తొలగించుకునే దారి కూడా చూపించాలని గూగుల్ ప్లే స్టోర్ 2023లో నియమం తెచ్చింది. స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, డేటా సేఫ్టీ అనే భాగంలోకి వెళ్తే ఆ లింకు దొరుకుతుంది. యాప్ తెరవకుండానే పని జరుగుతుంది. చెల్లికి కావలసింది అదే.

అయితే తొలగించే ముందు ఇంకొకటి చూశాను. ఆ యాప్ సెట్టింగ్స్‌లో చాలా లోపల, ప్రొఫైల్‌లోంచి మూడు నాలుగు పేజీలు దాటాక, గర్భం నిలవలేదని చెప్పే ఆప్షన్ ఉంది. నెల తప్పిందని చెప్పే బటన్ మాత్రం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంది. ఇది చూసి నాకు కోపం ఆగలేదు. శుభవార్తకి అమ్ముకునే విలువ ఉంది కాబట్టి దాన్ని అడిగి మరీ తీసుకుంటారు. ఆ వార్త మారిందని చెప్పాలంటే మాత్రం, బాధలో ఉన్న మనిషే వెతుక్కుంటూ వెళ్లాలి.

ఆ ఆప్షన్ నొక్కాను, వారం వారం వచ్చే మెసేజ్‌లు ఆగాయి. ఖాతా తొలగించమని అడిగాను, ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది. అయినా డైపర్ల ప్రకటనలు ఆగలేదు.

ఎందుకంటే అప్పటికే సంగతి బయటికి పోయింది. చాలా యాప్‌ల లోపల వేరే కంపెనీలు రాసిన చిన్న ప్రోగ్రామ్ ముక్కలు ఉంటాయి. వాటిని మా పనిలో ఎస్‌డీకేలు అంటాం. యాప్ ఎక్కడ ఆగిపోతోంది, ఎవరు ఎంతసేపు వాడుతున్నారు అని తెలుసుకోవడానికి యాప్ తయారుచేసేవాళ్లే వాటిని పెట్టుకుంటారు. మనం ఒక బటన్ నొక్కినప్పుడల్లా ఆ ముక్క తన సొంత కంపెనీకి కబురు పంపగలదు. ఆ బటన్ "నేను గర్భవతిని" అన్నదైతే వెళ్లే కబురూ అదే. ఇది నా ఊహ కాదు. ఫ్లో అనే నెలసరి యాప్ ఆడవాళ్ల ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకు పంపిందని అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2021లో ఫ్లో రాజీకి వచ్చింది. అదే యాప్ విషయంలో 2025 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో జ్యూరీ ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా కంపెనీని తప్పుపట్టింది.

మరి ఆ కబురు ఫలానా మనిషిదేనని ఎలా తెలుస్తుంది? ఆండ్రాయిడ్ ఫోన్‌కి అడ్వర్టైజింగ్ ఐడీ అని ఒక పొడవాటి నంబరు ఉంటుంది. పేరు ఉండదు, కానీ ఫోన్‌లోని యాప్‌లన్నిటికీ అదే నంబరు కనిపిస్తుంది. గర్భిణుల యాప్ చెప్పినదీ, పిల్లల సామాన్ల యాప్‌లో చూసినదీ ఒకే మనిషి కిందకి చేరడానికి ఆ నంబరు చాలు. సెట్టింగ్స్‌లో గూగుల్ అని ఉన్నచోట యాడ్స్‌లోకి వెళ్లి దాన్ని డిలీట్ చేశాను. ఆండ్రాయిడ్ 12 నుంచి ఈ వీలుంది. డిలీట్ చేశాక ఏ యాప్ అడిగినా ఆ నంబరు స్థానంలో అన్నీ సున్నాలే వెళ్తాయి. ఐఫోన్‌లో 2021 ఏప్రిల్‌లో వచ్చిన 14.5 వెర్షన్ నుంచి, వేరే కంపెనీల యాప్‌లలో, సైట్లలో మనం చేసేది వెంబడించాలంటే ప్రతి యాప్ ముందుగా అనుమతి అడగాలి. అక్కడ "వద్దు" అంటే సరిపోతుంది.

తర్వాత గూగుల్ ఖాతా. మై యాడ్ సెంటర్‌లో సున్నితమైన విషయాలకు విడిగా ఒక భాగం ఉంది: మద్యం, డేటింగ్, జూదం, బరువు తగ్గడం, వాటితో పాటు గర్భం, పిల్లల పెంపకం. ఆ చివరిది ఆపేశాను. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల సెట్టింగ్స్‌లో కూడా పిల్లల పెంపకం అనే అంశాన్ని తక్కువగా చూపించమని చెప్పొచ్చు. చాలామందికి ఈ రెండూ ఉన్నాయనే తెలియదు. ఎవరైనా ఇలాంటి పరిస్థితిలో ఉండి ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టమంటాను.

మెటా ఖాతాలో ఇంకో పేజీ ఉంది. బయటి కంపెనీలు మన గురించి మెటాకి ఏమి పంపాయో అందులో కనిపిస్తుంది. చెల్లిది తెరిస్తే పేర్లు బారులు తీరి ఉన్నాయి. గర్భిణుల యాప్, పిల్లల బట్టల దుకాణం, డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేసుకునే సైట్, తను ఒక్కసారి మాత్రమే చూసి వదిలేసిన ఉయ్యాలల సైట్. కాయితం మీద కాకుండా మనసులోనే వేసుకున్న లెక్కలు కూడా అక్కడ తేదీలతో సహా ఉన్నట్టనిపించింది. పాతది చెరిపేసి, ఇకముందు వచ్చేదాన్ని ఖాతాకి కలపొద్దని పెట్టాను. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అలా పెట్టినంత మాత్రాన ఆ కంపెనీలు పంపడం మానవు. పంపినది చెల్లి పేరుకి అంటుకోదు, అంతే.

ఇంతలో మరిది ఫోన్‌లోనూ పాలసీసాల ప్రకటనలు మొదలయ్యాయి. "నేనేమీ వెతకలేదు వదినా, మేం మాట్లాడుకునేది ఫోన్ వింటున్నట్టుంది" అన్నాడు. చాలామంది ఇదే నమ్ముతారు. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లు పరీక్షించారు. దొంగచాటుగా మైకు ఆన్ చేసి మాటలు పంపుతున్న దాఖలా వాళ్లకి దొరకలేదు. వినాల్సిన అవసరమే లేదన్నది అంతకంటే భయపెట్టే విషయం. ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే వైఫై మీద ఉంటే బయటికి కనిపించే ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌కి ఉండే నంబరు) ఒకటే. ఆ ఫోన్లన్నీ ఒకే ఇంటివని లెక్కగట్టి, భార్య చూసిన వస్తువు భర్తకీ చూపించే పద్ధతి ఈ వ్యాపారంలో ఉంది. మరిది ఫోన్‌లోనూ ఇవే మార్పులు చేశాను. ఇద్దరి బ్రౌజర్లలో కుకీలు (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు దాచుకునే చిన్న ఫైళ్లు) తుడిచేసి, బయటి కంపెనీల కుకీలు రాకుండా పెట్టాను. పిల్లల సామాన్ల సైట్లలో ఉన్న విష్‌లిస్టులు, మెయిల్ చందాలు ఒక్కొక్కటే తీసేశాను. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఓపిక ఒక్కటే కావాలి.

ప్రకటనలు బాగా తగ్గాయి. ఇక అయిపోయిందనుకుంటుండగా ఫోన్ కాల్ వచ్చింది. ప్రసవ సమయంలో బొడ్డుతాడు రక్తం నిల్వ చేసే ఒక కంపెనీ నుంచి. "మేడమ్, మీ డ్యూ డేట్ దగ్గర పడుతోంది కదా" అని ఆ అమ్మాయి మొదలుపెట్టింది. చెల్లి ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నంబరు ఎక్కడిదని అడిగితే "డేటాబేస్‌లో ఉంది మేడమ్" అంది. ఆ అమ్మాయిని అని లాభం లేదు, ఆమెకి ఇచ్చిన జాబితా అది. (ముందు ముందు సొంతానికి పనికొస్తుందని ఆ రక్తాన్ని ప్రైవేటుగా దాచిపెట్టడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సిఫార్సు చేయదు. కాన్పుకి దగ్గరపడిన వాళ్లు ఇది తెలుసుకుని ఉండటం మంచిది.)

ప్రకటన వేరు, ఫోన్ కాల్ వేరు. ప్రకటన ఆ అడ్వర్టైజింగ్ ఐడీ లాంటి గుర్తు మీద నడుస్తుంది, కాల్‌కి మనిషి పేరు, ఫోన్ నంబరు, తేదీ అన్నీ తెలిసి ఉండాలి. అంటే ఎవరో వాటిని చేతికిచ్చారు. 1909కి ఫోన్ చేసి చెల్లి నంబరును డీఎన్‌డీలో (అమ్మకాల కాల్స్ వద్దనే జాబితాలో) పెట్టించి, ఆ కాల్ మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ యాప్‌లో ఫిర్యాదు చేశాను. 2025లో మార్చిన నియమాల ప్రకారం కాల్ వచ్చిన 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. కాల్ వచ్చిన నంబరు, తేదీ, ఏం అమ్మబోయారు అన్నవి రాసిపెట్టుకోవాలి.

ఆ తర్వాత ఉత్తరాలు. గర్భిణుల యాప్ కంపెనీకి, అపాయింట్‌మెంట్ సైట్‌కి, ఆ రక్త నిల్వ కంపెనీకి చెల్లి పేరుతోనే మెయిల్ రాశాను. 2011 నాటి ఐటీ నియమాల ప్రకారం శారీరక ఆరోగ్య స్థితి, వైద్య చరిత్ర సున్నితమైన సమాచారం. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే ముందుగా మన అనుమతి కావాలి. ఇచ్చిన అనుమతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. ప్రతి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, వివరాలు తన సైట్‌లో పెట్టాలి, వచ్చిన ఫిర్యాదుని నెలలోపు పరిష్కరించాలి. మెయిల్‌లో ఈ నియమాలు రాసి మూడే అడిగాను: నా సమాచారం మీ దగ్గర ఏముంది, ఎవరికిచ్చారు, తొలగించామని రాసివ్వండి. కోపం, కథ ఏమీ రాయలేదు. చెల్లికి ఏం జరిగిందో వాళ్లకి చెప్పనవసరం లేదు, అది ఇంకో సమాచారం అవుతుంది.

యాప్ కంపెనీ తొలగించామని రాసిచ్చింది. రక్త నిల్వ కంపెనీ జాబితాలోంచి తీసేశామంది. అపాయింట్‌మెంట్ సైట్ చాలాసార్లు గుర్తుచేశాక ఖాతా మూసింది. మూడింట్లో ఒక్కటీ రెండో ప్రశ్నకి జవాబివ్వలేదు. "నమ్మకమైన భాగస్వాములు" అన్నారే తప్ప ఒక్క పేరు చెప్పలేదు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. దాని తర్వాత డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం రావడానికి 2023 దాకా, దాని నియమాలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. మన సమాచారాన్ని ఎవరెవరితో పంచుకున్నారో పేర్లతో సహా చెప్పమని అడిగే హక్కు ఆ చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. నియమాలు వచ్చిన 18 నెలలకి, అంటే 2027 మేలో అది అమల్లోకి వస్తుంది. ఆ మూడు కంపెనీలతో నడిచిన మెయిళ్లన్నీ తేదీల వారీగా ఒక ఫోల్డర్‌లో దాచాను. అప్పుడు అదే రెండో ప్రశ్న మళ్లీ పంపుతాను. చెల్లి కూడా సరేనంది.