బీఎంఐ ఎక్కువగా తప్పేది ఎత్తు దగ్గరే

ఎన్‌సీడీ (ఒకరి నుంచి ఒకరికి అంటని జబ్బులు) పరీక్షల రోజున 30 ఏళ్లు దాటిన వాళ్లకు బీపీ, షుగరుతో పాటు ఎత్తు, బరువు కూడా చూస్తాం. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె వస్తుంది. అందుకే ఎత్తులో పొరపాటు దాదాపు రెట్టింపై కూర్చుంటుంది. 56 కిలోల మనిషి 154 సెంటీమీటర్లుంటే బీఎంఐ 23.6. కొప్పు మీద కొలిచి 157 అని రాస్తే 22.7. భారతీయులకు 2009లో నిపుణులు సూచించిన హద్దుల ప్రకారం 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. అంటే ఒక్క కొప్పుతో ఆవిడ అధిక బరువు ఉన్నవాళ్ల జాబితాలోంచి జారిపోతుంది.

గోడకు టేపు అంటించేటప్పుడు సున్నా నేలకు సరిగ్గా తగలాలి. గోడ అడుగున టైల్స్ పట్టీ ముందుకు పొడుచుకొచ్చి ఉంటే మడమలు గోడకు ఆనవు, ఆ చోటు పనికిరాదు. చెప్పులు విప్పించి, కొప్పు ఊడదీయించి, మడమలు కలిపి నిలబెడతాను. "గడ్డం పైకెత్తకండమ్మా, ఎదురుగా ఆ తలుపు గొళ్లెం వైపు చూడండి" అంటే తల దానంతటదే సరిగ్గా వస్తుంది. తల మీద స్కేలు పెడితే వాలిపోతుంది. గట్టి అట్ట రిజిస్టరు అంచును గోడకు ఆనించి కిందికి దించితే మట్టం తప్పదు. పొడుగు మనిషైతే స్టూలెక్కి, కన్ను గీతకు సమంగా పెట్టి చదువుతాను.

తూకం మిషన్ గట్టి నేల మీదే ఉండాలి, చాప మీద వద్దు. వారానికోసారి ముందు నేను ఎక్కి, తర్వాత 10 కిలోల ఇనప రాయి పట్టుకుని ఎక్కుతాను. తేడా 10 రాకపోతే ముందు బ్యాటరీ మార్చి చూస్తాను. అప్పటికీ రాకపోతే ఆ రోజు దాన్ని వాడను.

రాసేటప్పుడు జరిగే పెద్ద తప్పు అడుగులు, అంగుళాలది. 5 అడుగుల 10 అంగుళాలను 5.1 అడుగులుగా కొడితే 178 సెంటీమీటర్ల మనిషి 155 అయిపోతాడు. 70 కిలోలకు 22 రావాల్సిన బీఎంఐ 29 చూపిస్తుంది. అందుకే నేరుగా సెంటీమీటర్లలోనే రాయాలి. బీఎంఐ ఒక్కటే రాసి వదిలేయకుండా ఎత్తు, బరువు, తేదీ కూడా ఉండాలి. అప్పుడే తర్వాత వచ్చినవాళ్లు తప్పు పట్టుకోగలరు. పెద్దవాళ్లకు పాత ఎత్తునే ఎక్కించడం నాకు అసలు నచ్చదు. వయసుతో ఎత్తు తగ్గుతుంది.

గర్భిణికి నెలలు నిండుతున్నప్పటి బరువుతో బీఎంఐ కట్టకూడదు. కాళ్ల వాపు, జలోదరం (పొట్టలో నీరు చేరడం) ఉంటే ఆ మాట పక్కనే రాయాలి. పిల్లలకు ఈ హద్దులు వర్తించవు, వాళ్లకు వయసును బట్టి చూసే చార్టులు వేరే ఉంటాయి. గూని వల్ల నిటారుగా నిలబడలేని వాళ్లకు అంచనా ఎత్తు వేయను. "కొలవలేదు, గూని" అని రాసి, బరువు, నడుం చుట్టుకొలత మాత్రం నమోదు చేస్తాను.