ఆ 137 ఎక్కడిది?

మంగళవారం, రాత్రి 9.30

పొద్దున ఆరింటికే మెలకువ వచ్చింది. ఈ వారం డ్యూటీ ఫోన్ నా దగ్గర లేదు, అయినా చేయి దిండు పక్కన దాని కోసం వెతికింది. కాఫీ కలుపుకుని లాప్‌టాప్ తెరిచాను. మా సర్వీసులన్నీ నడిచే సర్వర్ల గుంపును, అంటే మా క్లస్టర్‌ను, ఏదైనా పడిపోతే కారణం వెతికిపెట్టే ఇన్సిడెంట్ విశ్లేషణ టూల్‌కు కలిపే పని ఈ రోజు ఎలాగైనా పూర్తి చేయాలని నిన్న పడుకునే ముందే అనుకున్నాను.

పోయిన వారం జరిగింది ఇంకా మనసులోంచి పోలేదు. రాత్రి రెండున్నర ప్రాంతంలో బిల్లుల సర్వీసు నాలుగుసార్లు పడి లేచింది. తనంతట తానే కోలుకుంది కాబట్టి అలారం మోగలేదు. ఏడింటికి నేను చూసేసరికి మిగిలినవి రెండే ముక్కలు: రీస్టార్టులు 4, చివరి ఎగ్జిట్ కోడ్ (ప్రాసెస్ ఆగినప్పుడు వదిలే నంబర్) 137. 128కి 9 కలిపితే 137. అంటే 9వ నంబర్ సిగ్నల్ పంపి ప్రాసెస్‌ను బలవంతంగా ఆపారని. ఆపింది ఎవరు? మెమరీ చాలక ఆగిపోతే పక్కన ఓఓఎం కిల్డ్ అని కారణం కనబడుతుంది. ఇక్కడ ఉత్త ఎర్రర్ అని ఉంది. అసలు సంగతి ఈవెంట్లలో, అంటే ఏం జరిగిందో క్లస్టర్ రాసుకునే చిన్న నోట్లలో ఉండాలి, కానీ క్లస్టర్‌ను నడిపే కుబర్నెటీస్ వాటిని మామూలుగా 1 గంటసేపే ఉంచుతుంది. లాగులైనా (సర్వీసు తన పని గురించి రాసుకునే చిట్టా) చూద్దామంటే, పడిపోయిన వాటిలో చిట్టచివరి కంటైనర్‌ది (సర్వీసు నడిచే పెట్టె) ఒక్కటే ఇస్తుంది. మొదటి మూడుసార్లవీ పోయాయి. అయినా మేం మెమరీయే అనుకుని లిమిట్ రెట్టింపు చేశాం. మూడో రోజు రాత్రి మళ్లీ అదే, మళ్లీ 137. ఆ పొద్దున కస్టమర్లకు బిల్లులు ఆలస్యంగా వెళ్లాయి. ఊహ మీద మందు వేశామే అన్న బాధ నాకు అప్పటినుంచీ ఉంది.

టూల్‌కు ముందు ఒక నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో విడిగా ఒక గది లాంటిది), అందులో ఒక సర్వీస్ అకౌంట్ (టూల్‌కు గుర్తింపు) చేశాను. దానికి రోల్, అంటే హక్కుల జాబితా, రాయడంలోనే సగం పూట గడిచింది. చూడటం, జాబితా తీయడం, మార్పులు గమనించడం, ఈ మూడే ఇచ్చాను. తొలగించడం, మార్చడం ఏవీ లేవు. పాడ్లను (కంటైనర్లు ఉండే మూటలు) చూసే హక్కు ఇచ్చినంత మాత్రాన లాగులు చదవడం కుదరదు, దానికి వేరే లైను రాయాలి. పాస్‌వర్డ్‌ల లాంటివి దాచే సీక్రెట్లు అసలే ఇవ్వలేదు. ఇచ్చానా లేదా అని ఆ అకౌంట్ పేరు మీద క్లస్టర్‌నే అడిగి, ‘నో’ అని జవాబు వచ్చాకే ముందుకు కదిలాను.

అప్పుడే ఒక సంగతి తట్టి గుండె జారింది. పాడ్‌ను చూడగలిగితే దాని ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లూ (సర్వీసు మొదలయ్యేటప్పుడు దానికిచ్చే విలువలు) కనబడతాయి. సీక్రెట్ నుంచి తీసుకునే విలువైతే పేరు మాత్రమే కనబడుతుంది, నేరుగా రాసిన విలువైతే ఉన్నదున్నట్టు కనబడుతుంది. వెతికితే ఒక పాత రిపోర్టుల సర్వీసులో డేటాబేస్ పాస్‌వర్డ్ అలాగే దొరికింది. టూల్ పని పక్కన పెట్టి ముందు పాస్‌వర్డ్ మార్చి, సీక్రెట్‌లోకి చేర్చాను. ఈ పని పెట్టుకోకపోయుంటే అది అక్కడే ఉండిపోయేది.

మధ్యాహ్నం ముందుగా స్టేజింగ్‌లో, అంటే మేం పరీక్షలు చేసుకునే చోట, కలిపాను. టూల్ లేచింది కానీ బయటికి మాట్లాడలేకపోయింది, జవాబు రాక అన్నీ టైమవుట్లే. మా దగ్గర కొత్త నేమ్‌స్పేస్ నుంచి బయటికి వెళ్లే దారులన్నీ మూసే ఉంటాయి. వెబ్‌కు వాడే 443 పోర్టు తెరిచాను గానీ పేర్లు వెతికే డీఎన్ఎస్ కోసం 53 తెరవడం మరిచాను. గంట పట్టింది అది కనుక్కోవడానికి.

అంతలో జట్టులో చిన్నవాడు ఫోన్ చేశాడు. “అక్కా, బిల్లుల లాగుల్లో కస్టమర్ల ఫోన్ నంబర్లు ఉంటాయి కదా, అవి కూడా టూల్‌కు పోతాయా?” అన్నాడు. నాకు తట్టనిది వాడికి తట్టింది. ఆ సర్వీసు లాగులు ఇప్పుడే ఇవ్వకూడదని ఇద్దరం అనుకున్నాం. లాగుల హక్కును మొత్తం క్లస్టర్‌కు కాకుండా ఒక్కో నేమ్‌స్పేస్‌కు విడిగా ఇచ్చేలా మార్చాను. నంబర్లలో చివరి నాలుగు అంకెలే రాసేలా కోడ్ మార్చే పని వాడే తీసుకున్నాడు.

సాయంత్రం ఐదింటికి పరీక్ష పెట్టాను. బతికే ఉన్నావా అని కుబర్నెటీస్ అడిగే లైవ్‌నెస్ చెక్‌కు జవాబివ్వడానికి 3 సెకన్లు తీసుకునే చిన్న యాప్, ఆగమన్నా ఆగనిది. చెక్‌కు మనమేమీ రాయకపోతే టైమవుట్ 1 సెకను, 10 సెకన్లకోసారి అడుగుతుంది, వరసగా 3 సార్లు తప్పితే ఆపమంటుంది. 30 సెకన్లు చూసి, అప్పటికీ ఆగకపోతే చంపేస్తుంది. అనుకున్నట్టే 137 వచ్చింది. టూల్ చెప్పిన కారణం: మెమరీ చాలలేదు.

మేం చేసిన తప్పే! రోల్ మళ్లీ చదివితే ఈవెంట్ల లైను లేదు. లాగుల గురించి అంత ఆలోచించి దాన్ని మరిచాను. అది చేర్చి మళ్లీ నడిపాను. ఈసారి లైవ్‌నెస్ చెక్ మూడుసార్లు తప్పిందని, అందుకే కంటైనర్‌ను ఆపారని, టైమవుట్ 1 సెకనే ఉందని వరసగా రాసింది. బిల్లుల సర్వీసు తెరిచి చూశాను. అక్కడా టైమవుట్ ఎవరూ రాయలేదు, 1 సెకనే. పోయిన వారందీ ఇదేనని ఇప్పుడు రుజువు చేయలేను. అయినా దాన్ని 5 చేసి, బిల్లుల నేమ్‌స్పేస్ ఈవెంట్లను టూల్‌కు కలిపాను.

ఏడున్నరకు అమ్మ ఫోన్. “రాత్రిళ్లు ఇంకా లేస్తున్నావా?” అని అడిగింది. ఈ వారం లేదమ్మా అన్నాను.

పప్పుచారు వేడి చేసుకుంటూ ఇంకోసారి చూశాను. సాయంత్రం పరీక్ష ఈవెంట్లు క్లస్టర్‌లో ఒక్కటీ లేవు. టూల్‌లో ఐదు గంటల ఏడు నిమిషాల దగ్గర అవన్నీ ఉన్నాయి.