టేపు పట్టుకుని తీర్థకట్ట వీధిలో

ఈరోజు సివిల్ డిప్లొమా పిల్లల్ని తీసుకుని తీర్థకట్ట వీధికి పోయాను. రోడ్డు మీద టేపు పరిచారంటే తిరుపతి జనానికి తోచేది ఒక్కటే. మొదటి కొలత రాసుకోకముందే పూలబుట్ట పెట్టుకున్న పెద్దావిడ "ఏం నైనా, రోడ్డు వెడల్పు చేస్తా ఉండారా?" అనడిగింది. కాలేజీ పనని చెప్పినా నమ్మలేదు. పక్క అంగడాయనైతే తన షట్టరు ఎంత పోతుందో చెప్పమని మావాళ్ల వెనకే తిరిగాడు.

నేను చెప్పాల్సిన పాఠం రోడ్ల వర్గీకరణ. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1983లో పెట్టిన లెక్కల్లో ఆర్టీరియల్ రోడ్డుకు, అంటే ఊళ్లో అన్నిటికన్నా పెద్ద రోడ్డుకు, 50-60 మీటర్ల స్థలం, గంటకు 80 కిలోమీటర్ల వేగం. అక్కడి నుంచి దిగుతూ దిగుతూ లోకల్ వీధికి 10-20 మీటర్లు, 30 కిలోమీటర్లు. దాన్ని 2018లో సవరించారు గానీ మా పిల్లలు బట్టీ పట్టేది ఇంకా పాత అంకెలే. ఆ లెక్కన ఈ వీధి పట్టికలో అట్టడుగున పడుతుంది.

కానీ ఇక్కడ కాసేపు నిలబడి చూస్తే! స్టేషన్లో దిగి గోవిందరాజస్వామి గుడికి, సత్రాలకు పోయే జనమంతా ఈ చుట్టుపక్కల వీధుల్లోనే కదా నడిచేది. గుండ్లు చేయించుకున్న కుటుంబాలు, నెత్తిన మూటలు, చంకన పిల్లలు, ఎండకు కాలిన తారు మీద చెప్పుల్లేని కాళ్లు. వీళ్లెవరూ పట్టికలో లేరు. అందులో ఉన్నదంతా బండ్ల వేగమే.

అందుకే లండన్ పద్ధతి చెప్పాను. అక్కడ మేయర్ వేసిన బృందం 2013లో వీధులకు రెండు రకాల మార్కులు వేయమంది. దాని గుండా ఎంతమంది పోతారు అన్నది ఒకటి, పనిగట్టుకుని అక్కడికే ఎంతమంది వస్తారు అన్నది రెండోది. ఒక్కోదానికి మూడు స్థాయిలు, మొత్తం తొమ్మిది రకాల వీధులు. గాంధీ రోడ్డుకు మార్కులు వేయమంటే అప్పటికప్పుడే క్లాసు రెండు జట్లయింది. బస్సులో వచ్చే పిల్లలకు అది దాటిపోయే రోడ్డు, ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్లకు బజారు. పెళ్లి చీరలకు మనవాళ్లు పోయే చెన్నై టీ నగర్‌లో, పాండీ బజారులో, 2019లో బండ్ల జాగా తగ్గించి కాలిబాటలు వెడల్పు చేశారని చెప్పాను. "మరి పార్కింగ్ ఎక్కడ మేడమ్?" అన్నారు వెంటనే. వాళ్లను అని లాభం లేదు, నాకూ మొదట వచ్చే టెన్షన్ అదే.

ఒక అబ్బాయి మాత్రం మంచి ప్రశ్న వేశాడు. వైశాఖంలో గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు పొద్దున, సాయంత్రం మాడ వీధుల్లో వాహనసేవ సాగుతుంది కదా, అప్పుడు అది ఏ రకం వీధి అని. గంగమ్మ జాతరప్పుడు వేషాలు తిరిగే వీధుల సంగతి? లండన్ తొమ్మిది గళ్లలోనూ దీనికి చోటు లేదు. నా మటుకు నాకు మన ఊళ్లో వర్గీకరణ అంటూ చేస్తే గంటను బట్టి, నెలను బట్టి చేయాలనిపించింది. వెడల్పు ఆ తర్వాత.

కాలిబాట కొలత త్వరగానే తేలిపోయింది. మనిషి నడవడానికి 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలని 2012 నాటి మార్గదర్శకాలు. ట్రాన్స్‌ఫార్మర్, నిలిపిన బైకులు, అంగడి మెట్లు తీసేస్తే మిగిలింది చాలాచోట్ల మూరెడు. ఒకమ్మాయి పూలబుట్టను కూడా 'ఆక్రమణ' అని రాసింది. కొట్టేయమన్నాను. వీధి వ్యాపారులను సర్వే చేసి, ధ్రువపత్రమిచ్చి, చోటు చూపించాలని 2014లో చట్టమే వచ్చింది. ఆ బుట్టకు చోటు గీయడం కూడా ఇంజినీరు పనే. మెట్ల సంగతి వేరు, వాటిని మాత్రం ఆక్రమణల్లోనే ఉంచమన్నాను. అంగడాయన ఆ కాగితంలోకి తొంగి చూశాడు కూడా.

చివరికి పట్టికలో 'ఏ సమయంలో' అని ఇంకో వరస గీయించాను. సగం మంది అన్ని గళ్లలోనూ 'రోజంతా' అని నింపి ఇచ్చారు. రేపు కపిలతీర్థం రోడ్డు. ఎండెక్కక ముందే ఆరున్నరకల్లా రమ్మంటే, ఇద్దరికి అప్పుడే అమ్మమ్మ ఊరికి పోవాల్సిన పని పడింది.