సున్నా డిగ్రీల గీత మీద

ఎనిమిదో తరగతిలో మా సోషల్ మాస్టారు గ్లోబు తిప్పి, వేలు పెట్టి ఆపేవారు. "ఇదిగో, ఇక్కడ సున్నా. ఇటు తూర్పు, అటు పడమర." డిగ్రీకి 4 నిమిషాలు. మనది 82½ డిగ్రీలు. హెచ్చవేస్తే 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. లెక్క నోటికి వచ్చేసింది గానీ, ఆ సున్నా నిజంగా ఒక చోట నేల మీద ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు.

2011 జూన్‌లో, ఇరవై నాలుగేళ్లప్పుడు, ఆఫీసు పని మీద మూడు వారాలు లండన్ వెళ్లాను. విమానం ఎక్కడం అదే మొదటిసారి. దిగి చూస్తే తేడా ఐదున్నర కాదు, నాలుగున్నర గంటలే! వేసవిలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారట. ఆ రోజు తొమ్మిదైనా కిటికీ బయట ఇంకా వెలుతురే. ఉత్తరానికి పోయేకొద్దీ వేసవి పగళ్లు పెరుగుతాయని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో. కళ్లతో చూడటం వేరు. చాలాసేపు ఆ కిటికీ దగ్గరే నిలబడిపోయాను.

మర్నాడు భూగర్భ రైలు. ప్లాట్‌ఫారాల మీద ఈస్ట్‌బౌండ్, వెస్ట్‌బౌండ్ అని రాసి ఉంటుంది. కానీ నేల కింద సూర్యుడేడీ? ఎటు తూర్పో తెలియక ఎదురు దిక్కు రైలు ఎక్కేశాను. మూడు స్టేషన్లు దాటాక తెలిసి, టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. నా ముఖం చూసి ఒక పెద్దావిడ నాతోపాటు దిగి, అవతలి ప్లాట్‌ఫారం దాకా వచ్చి దిగబెట్టింది. పెద్ద నగరంలో ఎవరూ పట్టించుకోరని విని వెళ్లినదాన్ని, ఆమెను ఇప్పటికీ తలుచుకుంటాను. ఆ రైళ్ల మ్యాపు కూడా విచిత్రం. 1931లో హ్యారీ బెక్ గీసిన పద్ధతి, స్కేలు ఉండదు. లీసెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు పట్టుమని 300 మీటర్లు కూడా లేదు, మ్యాపులో మాత్రం మిగతా స్టేషన్లంత దూరం కనిపిస్తుంది. స్కేలు లేనిది మ్యాపే కాదనే మా మాస్టారు దీన్ని చూస్తే ఏమనేవారో!

రెండో శనివారం ఆ సున్నా గీత ఉన్న గ్రీనిచ్‌కు బయలుదేరాను. ఐలాండ్ గార్డెన్స్‌లో దిగి, థేమ్స్ నది కింద 1902లో కట్టిన సొరంగంలో నడిచి అవతలి ఒడ్డుకు చేరాను. తల మీద నది ఉందనుకుంటే గుండె దడదడ. కొండెక్కితే రాయల్ అబ్జర్వేటరీ. 1675లో పుట్టింది. ఆవరణలో రాళ్ల మధ్య మెరిసే లోహపు గీత. దాని మీదికి కాలు పెట్టడానికి వరసలో నిలబడి ఉన్నారు జనం.

నా వంతు వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. భవనం మీద ఎర్రటి బంతి స్తంభం పైకి ఎక్కి ఆగింది. నదిలో ఓడలవాళ్లు గడియారాలు సరిచూసుకోవాలని, రోజూ ఒంటిగంటకు దాన్ని కిందికి జార్చే పద్ధతి 1833లో మొదలైంది. అది జారగానే చుట్టూ ఒక్కసారిగా కేకలు. నేను మాత్రం కిందికి చూశాను. గడియారం ఒంటిగంట చూపుతున్నా, సూర్యుడికి అది మధ్యాహ్నం పన్నెండు.

స్నేహితురాలి దగ్గర నంబరు తీసుకుని, అక్కడి నుంచే మాస్టారికి ఫోన్ చేశాను. ఎక్కడున్నానో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట: "నీడ ఎటు పడిందమ్మా?"

"గీత మీదే సార్. తిన్నగా ఉత్తరానికి."