చీకటితో ముగిసే కీర్తన

అమ్మ పోయాక మొదటి ఆదివారం. ఆరాధనలో పాట మొదలవగానే అందరూ లేచారు, నేనూ లేచాను. నోరు మాత్రం పెగల్లేదు. ఆమె ఎంతో ఇష్టంగా పాడుకునే పాట అది.

అమ్మకో అలవాటు ఉండేది. ఏదైనా విషయానికి ప్రార్థన మొదలుపెడితే, బైబిల్లో తను పట్టుకున్న వచనం పక్కన పెన్సిల్‌తో తేదీ వేసేది. జవాబు వచ్చిన రోజున దాని కిందే ఇంకో తేదీ. ఆ బైబిల్ నిండా అలాంటి జంట తేదీలే. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజున "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అనే యెషయా 53:5 పక్కన వేసింది. ఏడు నెలలు ఉపవాసాలున్నాం, కన్నీళ్లతో అడిగాం. అక్కడ ఒక్క తేదీయే మిగిలింది.

దుఃఖాన్ని ఎలాగో మోసేదాన్నేమో. "విశ్వాసంలో ఎక్కడో లోపం జరిగి ఉంటుంది" అని ఒకరు ఓదార్పులాగే అనేసి వెళ్లారు. అది మాత్రం మోయలేకపోయాను. అమ్మకంటే గట్టిగా నమ్మినవాళ్లని నేను చూడలేదు. లోపం ఆమెది కాకపోతే మరి ఎవరిది? ఆ ప్రశ్న దేవుడి వైపు తిరిగేసరికి భయం వేసి, ప్రార్థనే మానేశాను. దాదాపు నాలుగు నెలలు. గుడికి వెళ్లడం మాత్రం ఆపలేదు. ఎందుకంటే చెప్పలేను, అలవాటే అయి ఉంటుంది.

నేను పాడడం లేదని సంఘంలో ఒక పెద్దావిడ గమనించింది. కొడుకుని పోగొట్టుకున్న మనిషి. "పాడలేకపోతే ఊరికే నిలబడమ్మా. నీ బదులు మేం పాడతాంగా" అంది. అంతే, వచనం చెప్పలేదు, వివరణా ఇవ్వలేదు. వెళ్లేముందు మాత్రం, "సొంత మాటలు రాకపోతే బైబిల్లో కీర్తనలు చదువు, వరసగా" అంది.

చదివాను. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలూ ఫిర్యాదులేనని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. మనం స్తుతి కీర్తనలే బట్టీపడతాం కదా. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే కీర్తనకారుడు "ఎంతకాలం" అని దేవుణ్ణి నాలుగుసార్లు అడుగుతాడు. అయినా ఆరో వచనానికల్లా పాటలోకి వస్తాడు. నిజం చెప్పొద్దూ, ఆ వేగం చూస్తే నాకు కాస్త అసూయ కలిగింది.

88 దగ్గర ఆగిపోయాను. అది పాటలోకి రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. మళ్లీ మళ్లీ చూశాను, తర్వాతి పేజీలో ఏమైనా ఉందేమోనని. లేదు. ఇంత చేదు మాటని ఎవరూ కత్తిరించకుండా ఆరాధన పుస్తకంలోనే ఉంచారు. పైగా ఆ ఫిర్యాదంతా చేస్తున్నది దేవుడి ముఖం మీదే. ఆ రాత్రి నాలుగు నెలల తర్వాత ప్రార్థించాను. ప్రార్థన అనొచ్చో లేదో, పోట్లాడాను.

తర్వాత యోబు గ్రంథం చదివాను. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు మెదపలేదు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. ఆపైన నోరు విప్పి, నీలోనే ఏదో పాపం ఉందంటూ దేవుడి తరఫున వాదించారు. చివర్లో దేవుడు కోప్పడింది వాళ్ల మీద. కేకలు వేసిన యోబే తనగురించి సరిగ్గా మాట్లాడాడన్నాడు. అయితే ఇంత జరిగినా, 42 అధ్యాయాల్లో ఎక్కడా యోబుకి తన కష్టానికి కారణం చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

ఇంకో మాట. నా సందేహాల్లో కొన్ని నిజమైన సందేహాలే, కొన్ని మాత్రం నిద్రలేమి. డాక్టర్ని కలిశాను, మందులు వాడాను. విశ్వాసికి డిప్రెషనేంటి అనేవాళ్లు ఏలీయా సంగతి చదవాలి. చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్న ప్రవక్తకి దేవదూత బోధ చేయలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ పెట్టాడు.

ఇప్పుడు పాడుతున్నాను, అన్ని పాటలూ కాదు. స్వస్థత గురించిన పాట వస్తే ఇప్పటికీ ఊరికే నిలబడతాను. పక్కన ఆ పెద్దావిడ గొంతు కొంచెం పెంచుతుంది.