నడుం దాకానే ఫొటో

"నడుం కింద కట్ చేసేటట్టయితే నేను ఫొటోకి నిలబడను" అంది మా పెద్దది, హెల్మెట్ బిగించుకుంటూ. పదకొండేళ్ల పిల్ల. ఎందుకే అని నేను అడగలేదు. వసంతం మొదలైనప్పటి నుంచి కొండల దగ్గర తీసిన ఫొటోలు మా అమ్మకి ఎలా పంపుతున్నానో అది చూస్తూనే ఉంది. కొండెక్కేటప్పుడు నడుముకి బిగించే పట్టీ, హార్నెస్, కనపడదు, తాడు కనపడదు. పిల్ల మొహం, వెనకాల పూలు, అంతే. కింద నా వ్యాఖ్యానం: "పక్షుల్ని చూడ్డానికి వెళ్లామమ్మా."

పచ్చి అబద్ధమేమీ కాదది. చెట్లకి ఆకులు రాకముందు పక్షులు కళ్లకి బాగా ఆనతాయి, గూళ్ల హడావుడిలో పొద్దున్నే తెగ కూస్తాయి కూడా. అడవిలో నేలమీద పూసే చిన్న చిన్న పూలూ అప్పుడే. పైన ఆకులు కమ్ముకుంటే కిందికి ఎండ రాదు కాబట్టి, ఆ కొన్ని వారాల్లోనే పూత, విత్తనం అన్నీ కానిచ్చుకుంటాయి. ఇవన్నీ అమ్మకి చెప్తాను. ఆ తర్వాత పిల్ల బండరాయి పట్టుకుని పైకి పోతుందని మాత్రం చెప్పను. అబద్ధాలాడకూడదని ఇంట్లో పాఠాలు చెప్పేది కూడా నేనే.

పిల్లేమో నాకు పూర్తిగా వ్యతిరేకం. మొన్న ఒకచోటికి ఇంతదూరం కారేసుకుని వెళ్తే, కొండకి ఒక పక్కంతా మూసేశారు. పెరిగ్రిన్ ఫాల్కన్ అనే డేగ గూడు పెట్టిందట. గూడంటే పుల్లలూ గడ్డీ కాదు, చరియ మీద గులకరాళ్లలో చిన్న గుంట. అందులోనే మూడు నాలుగు గుడ్లు. పొదగడానికి నెల పైన, పిల్లలు ఎగరడానికి మరో ఆరు వారాలు. ఈలోగా మనుషులు దగ్గరికి వెళ్తే తల్లి గూడు వదిలేసే ప్రమాదం ఉంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కు లాంటి పేరున్న చోట్ల కూడా ఏటా వసంతంలో కొండెక్కే దారులు కొన్ని ఇలాగే మూస్తారు. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి, అమెరికాలో ఈ డేగలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 1972లో ఆ మందు నిషేధించాక, మనుషులు పెంచి వదిలాక మెల్లగా కోలుకున్నాయి. 1999లో గానీ అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితా నుంచి తీయలేదు.

ఇదంతా నాకు అప్పుడే తెలుసా అంటే, లేదు. బోర్డు చూసి, "ఆ చివరి దారి గూటికి దూరమే కదా, గబగబా ఎక్కి దిగేద్దాం" అన్నాను. పిల్ల నావైపు చూసిన చూపు చెప్పలేను. ఎక్కనంది. బినాక్యులర్స్ తీసుకుని దూరంగా కూర్చుంది. దాని పక్కనే నేనూ కూర్చున్నాను, మొహం మాడ్చుకుని. మాట వినే పిల్ల కావాలని ఇన్నాళ్లూ కోరుకున్నాను, బోర్డు మాట విన్నందుకు కోపమొచ్చింది. కాసేపటికి డేగ చరియ వదిలి ఒక్కసారిగా కిందికి దూకింది. గంటకి మూడొందల కిలోమీటర్ల పైన వేగంతో దూకగలదని చదివాను గానీ, నాకు కనపడింది నల్లటి గీత ఒకటే. పిల్ల అంతా చూసింది.

మీ పిల్లలు కొండెక్కుతామంటే వెళ్లనివ్వండి, తెలిసినవాళ్ల దగ్గర నేర్పించి మరీ. ఎక్కే ముందు ఒకరి ముడి ఇంకొకరు చూసుకోవాలి. ఎనిమిది అంకె ఆకారంలో వేసే ఆ ముడి చూడగానే తప్పో ఒప్పో తెలుస్తుంది. కింద నిలబడ్డవాళ్లకీ హెల్మెట్ ఉండాలి, మంచు కరిగే రోజుల్లో రాళ్లు వదులై పడుతుంటాయి. ఇసుకరాయి అయితే వాన పడ్డాక ముట్టుకోవద్దు, తడిస్తే బలం పోయి పట్టుకున్న ముక్క చేతికే ఊడొస్తుంది.

ఇన్ని చెప్పే నేను తాడు పట్టుకుంటే ఎలా ఉంటానో మా పిల్లనడగండి. దాని తాడు పైన కొక్కేల్లోంచి తిరిగి కిందికి, నా నడుముకున్న బిలే పరికరంలోకి, అంటే పిల్ల జారితే తాడుని ఆపే బిగింపులోకి, వస్తుంది. అది ఎక్కేకొద్దీ నేను తాడు లాక్కుంటూ పోవాలి, అంతే. నేనేమో బిర్రుగా లాగేస్తాను. "అమ్మా, వదులు చెయ్! నువ్వే ఎత్తేస్తున్నావు, ఇది నేను ఎక్కినట్టు కాదు" అని పైనుంచి అరుస్తుంది. సరే అని జానెడు వదులుతాను. దాని కాలు ఇంత కదిలితే చాలు, మళ్లీ లాగేస్తాను.

అమ్మకి బీపీ, అందుకే చెప్పట్లేదని మా ఆయనతో అంటుంటాను. అది సాకేమో. అమ్మ "ఎందుకే పిల్లనలా ఎక్కిస్తావు" అంటే నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ మాట రోజూ నన్ను నేనే అడుక్కుంటున్నాను. పైగా ఈ దేశానికొచ్చిన దగ్గర్నుంచి జ్వరాలూ, ఉద్యోగం పోవడాలూ అన్నీ కత్తిరించే పంపాను అమ్మకి. ఆవిడ మాత్రం అవతల్నుంచి అన్నీ పూర్తిగానే చెప్తుందని నమ్మకమేంటి? రేపు ఈ పిల్ల ఇల్లు వదిలి ఎక్కడికో వెళ్తుంది. అప్పుడు నాకు ఏ ముక్క పంపిస్తుందో.

పోనీ ఈ ఆదివారం ఫోన్లో చెప్పేద్దామా అనుకుంటున్నాను. కానీ అమ్మ మొదట అడిగేది ఎత్తెంత అని కాదు, కింద తాడెవరు పట్టుకుంటారని. నేనే అని చెప్పాలి. కాలేజీ రోజుల్లో నా చేతికి స్కూటీ తాళాలివ్వడానికే వణికిపోయిన మనిషావిడ.